మేడమ్ మడతపెట్టిన ప్రోటీన్

"పాప పోయిందమ్మా."

పొద్దున్నే ఫోన్‌లో మా మేడమ్ వాళ్ళమ్మ అన్న మాట ఇది. అరవైకి దగ్గరపడ్డ మేడమ్ ఆవిడకి చివరిదాకా పాపే. నాకు మాత్రం గురువు. చెన్నైలో ఓ కాలేజీ ల్యాబులో ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేసి, అక్కడే ఉండిపోయినదాన్ని నేను. వానాకాలం నుంచి మేడమ్ మంచం మీదే ఉన్నారు కాబట్టి ఊహించని వార్తేమీ కాదు. అయినా చేతిలో ఉన్న పిపెట్ ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

మేం సైటోకైన్ల మీద పనిచేస్తాం. రోగాలతో పోరాడే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లలాంటి ప్రోటీన్లు అవి. ఆ కబురు అందుకునే గడపలు రిసెప్టర్లు. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి ఈ ప్రోటీన్లు తయారుచేస్తారు. విదేశాల నుంచి థర్మోకోల్ డబ్బాల్లో, పొగలు కక్కే డ్రై ఐస్‌తో వస్తాయి. సీసాలో ఉన్నది కంటికి కనిపించనంత కొంచెం. కొత్తగా చేరిన ఒకమ్మాయి "ఖాళీ సీసా పంపించేశారు మేడమ్" అంటూ దాన్ని చెత్తబుట్టలో పడేసింది. మేడమ్ కేకలెయ్యలేదు. బుట్ట పక్కన చతికిలబడి సీసా వెతికి తీసి, "కనపడకపోతే లేనట్టేనా? రేపు నేను రాకుంటే నన్నూ ఇట్లే పారేస్తావా?" అన్నారు. అందరం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఖాళీ డబ్బాలన్నీ వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళింటి మిద్దె మీదికి చేరేవి. అవ్వ, అంటే మేడమ్ వాళ్ళమ్మ, వాటిలో కొత్తిమీర, పుదీనా పెంచేది. మా ఇళ్ళల్లో రసంలోకి ఆ కొత్తిమీరే.

మేడమ్‌ది ఒకటే పట్టుదల. ఆ ప్రోటీన్ మన ల్యాబులోనే తయారవ్వాలి, చిన్న కాలేజీల పిల్లలు డబ్బా కోసం నెలల తరబడి కాచుకోకూడదు. బాక్టీరియా చేసిపెట్టేది కానీ, ముద్దకట్టించి ఇచ్చేది. ఆ ముద్ద విప్పి, ప్రోటీన్ మళ్ళీ తన మడతల్లోకి తాను వచ్చేదాకా చల్లగదిలో చుక్కచుక్కగా పలచన చెయ్యాలి. "తొందరపెట్టబాక. అది దాని ఇష్టంతో మడతపడాల" అనేవారు. ఏళ్ళు గడిచినా దానికి ఇష్టం కలగలేదు. నేను విసుక్కునేదాన్ని. ఆవిడ స్వెట్టర్ తగిలించుకుని మళ్ళీ చల్లగదిలోకి నడిచేవారు. చెన్నైలో స్వెట్టర్ అరగదీసిన మనిషి మీరొక్కరేనని ఏడిపించేవాళ్ళం.

ప్రోటీన్ మంచిదో కాదో తేల్చేది కణాలే. అది అందకపోతే చచ్చిపోయే కణాలు కొన్ని ఉన్నాయి. వాటిని ముందురోజు పస్తుపెట్టి, మర్నాడు మన ప్రోటీన్ ఇచ్చి చూడాలి. పస్తుపెట్టిన రోజు మేడమ్ కూడా అన్నం ముట్టేవారు కాదు. "వాటికేం తెలుస్తుంది మేడమ్?" అంటే, "నాకు తెలుస్తుంది గదా" అనేవారు.

ఆ పొద్దున ఫోన్ వచ్చేసరికి కణాలు పస్తున్నాయి. మేడమ్ మంచం మీంచే ఫోన్‌లో చెప్పి చేయించిన ఆఖరి బ్యాచ్ నా ముందుంది. అప్పటికప్పుడు వదిలేసి వెళ్ళిపోతే అవన్నీ చచ్చిపోతాయి. కన్నీళ్ళు తుడుచుకుంటూ ప్రోటీన్ వేసి, అప్పుడు వాళ్ళింటికి ఆటో ఎక్కాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "రాత్రి గూడా అదే అడిగింది. పాప చేసింది పనిచేసిందా, చెప్పమ్మా."

"ఇంకా తెలీదవ్వా. రెండు రోజులు పడుతుంది."

"రెండు దినాలు ఆగుంటే దాని సొమ్మేం పోయింది" అని కూతురి మొహం చూసి భోరుమంది.

రెండు రోజుల తర్వాత, ఏమీ వెయ్యని వరసలో కణాలు ముడుచుకుపోయాయి. మన ప్రోటీన్ వేసిన వరసలో బతికున్నాయి. పరుగెత్తుకెళ్ళి చెప్పడానికి మనిషి లేదు. అంత ఏడుపు నాకు ఆవిడ పోయిన రోజు కూడా రాలేదు. పైగా "ఒక్కసారి వచ్చింది ఫలితం కాదు, పలకరింపు" అని నేర్పింది ఆవిడే. మళ్ళీ చేశాను, మళ్ళీ బతికాయి. అప్పుడు అవ్వకి ఫోన్ చేశాను.

కర్మలు అయినాక అవ్వ వచ్చింది. కూతురు ఇన్నేళ్ళు పనిచేసిన చోటు చూడడం ఆవిడకి అదే మొదలు. స్టూలు వేసి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాను. మొదట అంతా నలుపే అంది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గుండ్రంగా మెరస్తా ఉండాయి. అన్నీ ప్రాణంతోనే ఉండాయా?"

"ఉన్నాయవ్వా. మేడమ్ చేసినదాంతోనే బతుకుతున్నాయి."

"పాప లేదని ఈటికి తెలవదు గదా."

తెలవదన్నాను. కణాలను ఎక్కువసేపు బయట ఉంచకూడదు, వెచ్చటి పెట్టెలో తిరిగి పెట్టెయ్యాలి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అవ్వ మైక్రోస్కోప్‌ను రెండు చేతులా పట్టుకుని, కన్ను తియ్యకుండా అలాగే వంగి కూర్చుంది.