జల్లాఖ్ తోటలో కాకుల కాలం

నరసాయమ్మది రాజోలు దగ్గర పల్లె. చాలా ఏళ్లు అరబ్బు దేశంలో, గలాలీ అనే ఊళ్లో ఒక ఇంట్లో వంట చేసింది. ఆ ఇంటి ముసలమ్మ పోయాక, కొడుకు బూ రాషిద్ ఇంటికి తాళం వేసి ఆమెను జల్లాఖ్ వైపున్న తన తోటకు పంపాడు. ఖర్జూరపు చెట్లు, పచ్చిమేత మడులు, కోళ్లు, ఒక దొడ్డి నిండా మేకలు. అక్కడ పనిచేసే శాంసన్ అమలాపురం కుర్రాడు. ఆమెను చూసిన రోజే పిన్నీ అని పిలిచాడు.

తోటలో మనుషుల కంటే కాకులు ఎక్కువ. పక్కనే చెత్త పారబోసే చోటు ఉంది. అక్కడ మేసి, చాలకపోతే ఇక్కడికొచ్చేవి. గుడ్లు పగలగొట్టేవి, కోడిపిల్లల్ని పొడిచి పేగులు లాగేవి. చలికాలం మేకలు ఈనడం మొదలయ్యాక దొడ్డి కంచె మీద వరసగా కూర్చునేవి.

మొదటి మేకపిల్ల కళ్లు తినేశాయి. పిల్ల ఇంకా బతికే ఉంది. గుంటల్లోంచి నెత్తురు కారుతుంటే తల్లి నాకుతూనే ఉంది. శాంసన్ కత్తి తెచ్చి దాని బాధ తీర్చాడు.

బూ రాషిద్ పెద్ద బోను తెచ్చి, కోడి పేగులు ఎర వేయమన్నాడు. పడ్డవాటిని పడ్డట్టే చంపమన్నాడు. నరసాయమ్మ ఒప్పుకోలేదు. పోయిన మొగుడి పేరు మీద ఏటా ముద్ద పెట్టేది కాకులకే, వాటి మెడ నా చేత్తో ఎట్లా తిప్పనని శాంసన్‌తో అంది. ఆ పని అతనే చేసేవాడు.

ఒకరోజు పొద్దున శాంసన్ మేత కోసం బండి వేసుకుని వెళ్లాడు. దొడ్డిలో ఒక మేక ఈనలేక పడిపోయింది. పిల్ల తల, ఒక కాలు బయటికొచ్చి ఇరుక్కున్నాయి. నరసాయమ్మ మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. కాకులు దిగాయి. ఒకటి బయటికి వేలాడుతున్న పిల్ల నాలుకను పట్టి పీకింది. ఇంకొకటి ఆమె నడినెత్తిన పొడిచింది. చెయ్యి తీస్తే రెండో కాలు మళ్లీ జారిపోతుంది. తీయలేదు. మేక మీద బోర్లా పడి వీపు అడ్డం పెట్టింది. ఒక కాకి ముక్కు ఆమె కనుబొమ్మను చీల్చింది. నెత్తురు కంట్లోకి దిగి చూపు ఎర్రబడింది. ఎడమచేత్తో గుడ్డిగా తడిమితే రెక్క దొరికింది. ఆ కాకిని నీళ్ల పైపుకేసి కొట్టింది. తల చితికినా కొడుతూనే ఉంది, చేతిలో రెక్క మాత్రం మిగిలేదాకా.

ఆ పిల్ల చచ్చి పుట్టింది. వెనకే ఇంకొకటి బతికి వచ్చింది. శాంసన్ వచ్చేసరికి దాన్ని జాకెట్టుకు అదుముకుని, ఒళ్లంతా నెత్తురుతో కూర్చుని ఉంది. ఆస్పత్రిలో కనుబొమ్మకు కుట్లు వేశారు.

మర్నాటి నుంచి బోను దగ్గరికి ఆమే వెళ్లేది. ఒక్కో కాకిని బయటికి లాగి మెడ తిప్పేసేది. శాంసన్ అన్నం తినకుండా ఆమెనే చూసేవాడు.

"పిన్నీ, ఇక నాకొదిలెయ్యి. నిన్ను చూస్తే బయ్యంగా ఉంది."

"ఉండనీ. దొడ్డి మీద వాలకుంటే చాలు."

ఎండలు ముదిరాక ప్రహరీ పక్క చెట్టు మీద కాకిగూడు కనబడింది. నిచ్చెన వేసుకుని ఎక్కి గూడును కిందికి తోసింది. రెక్కలు రాని పిల్లలు దుమ్ములో పడి, ఆమె నీడ పడగానే మేత తెచ్చిందనుకుని ఎర్రటి నోళ్లు తెరిచాయి. పైన తల్లి అరుస్తోంది. నరసాయమ్మ చెప్పుకాలితో తొక్కింది. ఆగకుండా అన్నిటినీ తొక్కింది. తరవాత పంపు దగ్గర కూర్చుని చెప్పు కడిగింది. ఎంతసేపైనా అక్కడి నుంచి లేవలేదు. శాంసన్ వచ్చి పంపు కట్టేశాడు.

"ఆటికి నేను అమ్మలా కనబడ్డాన్రా," అంది.

అప్పట్నించి గూళ్ల జోలికి పోలేదు. బోనులో పడ్డవాటిని మాత్రం వదల్లేదు. ఆ ఏడు దొడ్డిలో ఇంకే పిల్లా కాకుల పాలు కాలేదు. కాకులు మాత్రం ఆమె ముఖం గుర్తుపట్టాయి. గది తలుపు తీస్తే చాలు, తోటంతా అరుపులే. శాంసన్‌ది పాత హెల్మెట్ ఒకటి పెట్టుకుని మేకలకు మేత వేసేది.

టౌన్లో, మహూజ్‌లో ఒక ఇంట్లో వంటపని ఇప్పిస్తాను, వెళ్తావా అని బూ రాషిద్ అడిగాడు. చూడిమేకలు ఇంకా ఉన్నాయి, అవి ఈనాక చెబుతానంది. ఆమె ఇప్పటికీ ఆ తోటలోనే ఉంది.