తువ్వాలు కింద ఐదు వేళ్లు

మా పెదనాన్న యలమందకి ఈ లోకంలో అనుమానం లేని వస్తువంటూ లేదు. దేవుణ్ణి నమ్ముతాడు గానీ, ప్రసాదం మాత్రం పళ్లెం అడుగు నుంచి తీసి పెట్టమంటాడు. "అన్నీ ఒకటే లడ్డూలు కదయ్యా" అని పూజారి ఒకసారి విసుక్కుంటే, "అన్నీ ఒకటే అయినప్పుడు అడుగుది ఇవ్వటానికి తమకేం ఇబ్బందండీ?" అన్నాడు. అప్పట్నుంచి పూజారి ఆయన కనపడగానే పళ్లెం అడుగుకి చెయ్యి పోనివ్వటం అలవాటు చేసుకున్నాడు.

హోటల్లో ఇడ్లీ అడుగు వరస నుంచే. కొట్లో పేపరు కట్ట అడుగు నుంచే. నేను పుట్టిన రోజున నర్సు నన్ను తెచ్చి చూపిస్తే, "మనదేనా? చీటీ ఏదీ?" అని అడిగాడట. ఆవిడ నా చేతికి కట్టిన చీటీ చూపించింది. "ఇది కట్టిందెవరు?" అన్నాడట. ఈ కథ మా అమ్మ ఏడాదికి నాలుగుసార్లు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ పెదనాన్న, "ఆవిడ ఇప్పటికీ జవాబు చెప్పలేదు" అనేవాడు.

తప్పు ఆయనది కాదు, ఆయన పనిది. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లుగా సరుకు చూసి బేరం చేసే మనిషి. బస్తాలో పైన ఎర్రగా నిగనిగలాడే కాయ ఉంటుంది. పెదనాన్న దాని మొహం కూడా చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒకటి విరిచి, వాసన చూసి, తెల్లబోయిన తాలుకాయ ఒకటి పైకెత్తి రైతుకి చూపిస్తాడు. "పైన పెట్టేది చూపించటానికి, అడుగున పెట్టేది అమ్మటానికి." ఇదీ ఆయన వేదం.

బేరం మాత్రం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఒక్కడికీ తెలియదు. మొహంలో కూడా ఏమీ కనపడకూడదు. చిన్నప్పుడు కరెంటు పోతే ఆయన పక్కన కూర్చుని నేను ఆ ఆట ఆడేదాన్ని. మూడు వేళ్లు పట్టుకుని బొమ్మ అడిగితే, ఒక వేలు పట్టుకుని జీళ్లు ఇస్తాననేవాడు.

2007లో నేను పదో తరగతి. నాన్న ఉద్యోగం ఒంగోల్లో, నెలకో ఆదివారం వచ్చేవాడు. ఇంట్లో పెద్దదిక్కు మాతోనే ఉండే పెదనాన్న. బ్రాడీపేటలో హయాత్ గారి నెట్ సెంటర్లో నేను అప్పటి ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్‌లో ఖాతా తెరిచాను. ఆ సంగతి తెలిసి అమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

"బావగారండీ, దాని పాస్‌వర్డు ఏదో మీరే రాబట్టాలి. లోపల ఏం రాస్తుందో ఏమో!"

నేను ఆశ వదులుకున్నాను. ఇడ్లీనే నమ్మని మనిషి నన్ను నమ్ముతాడా?

పెదనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ముప్పై ఏళ్లుగా యార్డులో ఉన్నానమ్మాయ్. ఒకడి తువ్వాలు ఎత్తి చూసిన పాపాన పోలేదు. పిల్లదాని తువ్వాలు ఎత్తమంటావా?"

"అది తువ్వాలు కాదండీ, కంప్యూటరు!"

"ఏదైతేనేం. దాని మీద నాకు అనుమానం లేదు. దాని దగ్గరికొచ్చే సరుకు మీద అనుమానం."

ఆ మాటకి నేను ఎగిరి గంతేశాను. తొందరపడ్డానని శనివారం తెలిసింది. ఆయన కూడా నెట్ సెంటరుకి వచ్చాడు. నా తెర వైపు వీపు పెట్టి కుర్చీ వేసుకుని, గదిలో మిగతా అందర్నీ ఒక్కొక్కరిగా అనుమానించటం మొదలుపెట్టాడు.

"ఏవయ్యా హయాతూ, ఈ పెట్టె మీద ఆ కన్నేంటి?"

"వెబ్ క్యామండీ. అవతలివాళ్లకి మనం కనపడటానికి."

"అవతలివాడెవడో తెలీకుండా మనం కనపడటమేంటయ్యా?" అని జేబురుమాలు తీసి దాని కంటికి గంత కట్టాడు. తర్వాత మౌసుకి రెండు మీటలు ఎందుకని నిలదీశాడు. ఒకటి చాలదా, రెండోది ఎవరి కోసం అని. నా స్నేహితురాళ్లు ఆయనకి సి.ఐ.డి. పెదనాన్న అని పేరు పెట్టారు.

ఇంటికి వస్తూ దారిలో అడిగాడు. "ఎంతమంది స్నేహితులమ్మా అందులో?"

"రెండొందల పద్నాలుగు."

"అడుగు నుంచి ఒక పేరు చెప్పు."

"భవ్య. చీరాల."

"చూశావా?"

"లేదు. ఫొటో ఉందిగా, గులాబీ పువ్వు."

"అది పై వరస" అన్నాడు. "చూడు బిందూ, నీ సంచి నేను విప్పను. కానీ నోటితో చెప్పలేని సంగతి ఏదన్నా వస్తే తువ్వాలు కింద చెప్పు. ఒక వేలు పట్టుకుంటే చిరాకు. మూడు పట్టుకుంటే భయం. ఐదూ పట్టుకున్నావనుకో, లేచి నీతో వచ్చేస్తా. ఎందుకని అడగను, తిట్టను."

నేను పడీపడీ నవ్వాను.

భవ్య ఎంత మంచిదని! నాలాగే దానికి లెక్కలంటే గిట్టదు. మూడు వారాల్లో దానికి మా బడి పేరు, ట్యూషన్ వేళలు, ఇంటి ఫోన్ నంబరు చెప్పేశాను. క్లాసు ఫొటో పంపి అందులో నేనెవరో కూడా చూపించాను. నాలుగో శనివారం పొద్దున దాని దగ్గర్నుంచి కబురొచ్చింది. తను భవ్య కాదట. అసలు ఆడపిల్లే కాదట. మర్నాడు పదింటికి నేను ఒక్కదాన్నే బస్టాండుకి రావాలట. రాకపోతే ఇంటికి ఫోన్ చేసి, నేను మగవాళ్లకి ఉత్తరాలు రాస్తున్నానని మా అమ్మకి చెబుతాడట.

రెండు మూరల దూరంలో పెదనాన్న నాకు వీపు పెట్టుకుని కూర్చున్నాడు. చెబుదామంటే భయం కంటే సిగ్గు ఎక్కువైంది. అన్నీ చేతులారా ఇచ్చింది నేనే కదా!

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ మోగింది. నా చేతిలో మజ్జిగ గ్లాసు కింద పడింది. గ్యాస్ బండ వాళ్లు. పెదనాన్న నా వైపు ఒక్కసారి చూసి, చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. తువ్వాలు భుజాన వేసుకోలేదు, ఒళ్లో పరుచుకున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుని, దాని కింద చెయ్యి పెట్టి, ఐదు వేళ్లూ గట్టిగా పట్టేసుకున్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. బేరంలో మొహం మారకూడదు. "శివపార్వతీ, ఈ మజ్జిగ ఇవాళ్టివేనా?" అని లోపలున్న అమ్మకి ఒక కేక వేసి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. తువ్వాలు కింద నా చెయ్యి మాత్రం వదల్లేదు.

హయాత్ గారి సెంటర్లో ఒక్క మాటే అడిగాడు. "నన్ను చదవమంటావా?"

"వద్దు పెదనాన్నా" అని ఏడ్చాను.

"సరే. నువ్వే అచ్చు తియ్యి. హయాతూ, నువ్వూ ఇటు తిరుగు."

ఇద్దరు పెద్దమనుషులు గోడకేసి మొహం పెట్టి నిలబడితే నేను కాగితాలు తీసి కవర్లో పెట్టి జిగురంటించాను. అక్కణ్ణుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కి.

"ఏముంది ఇందులో?" అన్నాడు ఎస్సై.

"తెలీదండి."

"చదవకుండానే కంప్లైంటా?"

"సరుకు మా పిల్లదానిదండి. ఆడమనిషి ఉంటే ఆవిడే విప్పుతుంది. మిమ్మల్ని అనుమానించి కాదు" అని, మనసొప్పక, "కొంచెం అనుమానించే" అన్నాడు.

కానిస్టేబుల్ జయకుమారి గారు నన్ను పక్కగదిలోకి తీసుకెళ్లి అంతా చదివింది. "తప్పు నీది కాదమ్మా. జవాబివ్వకు, రేపు ఎక్కడికీ వెళ్లకు" అంది. గుండెల మీంచి బస్తా దించినట్టయింది. "అమ్మకి మాత్రం చెప్పాలి. చెప్పేది నువ్వు, పక్కన కూర్చునేది నేను" అన్నాడు పెదనాన్న. ఆ సాయంత్రమే చెప్పాను. అమ్మ తిట్టింది, ఏడ్చింది, దగ్గరికి తీసుకుంది. మూడూ ఒకేసారి చేసింది.

ఆదివారం బస్టాండులో పోలీసులు మామూలు బట్టల్లో కాపు కాశారు. రావద్దని చెప్పినా పెదనాన్న వెళ్లాడు. ఒంగోలు బస్సు దగ్గర అటూ ఇటూ చూస్తున్న ఒకణ్ణి కాలర్ పట్టుకుని, "ఏరా, భవ్యవి నువ్వేనా?" అని గర్జించాడు. అతను కానిస్టేబులు. ఆ గొడవకి అసలువాడు రానేలేదో, వచ్చి పారిపోయాడో తెలియదు.

పదకొండింటికి ఇంట్లో ఫోన్ మోగింది. అప్పుడే వచ్చిన పెదనాన్న ఎత్తాడు.

"మీ అమ్మాయి ఏం చేస్తుందో తెలుసా?" అంది అవతలి గొంతు.

"తెలీదు. తెలుసుకోవాల్సినవాళ్లకి అది చెప్పింది. నువ్వు నీ పేరు చెప్పు. పైది కాదు, అడుగుది."

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. కానీ ఏ నంబరు నుంచి చేశాడో జయకుమారి గారు పట్టుకుంది, పది రోజుల్లో మనిషినీ పట్టుకుంది. నలభై ఏళ్లవాడట. నాలాంటివాళ్లు ఇంకా ఐదుగురు ఉన్నారట. ఆ ఐదుగురికీ తువ్వాలు పరిచే పెదనాన్న లేడే అని నాకు చాలా రోజులు దిగులుగా ఉండేది.

తర్వాతి వారం నా పాస్‌వర్డు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, పెదనాన్నకి ఇచ్చాను. ఆయన కవరుని ఎండకేసి అటూ ఇటూ తిప్పాడు. "ఇది అసలుదేనా?" అన్నాడు.

"నీ ఇష్టం. విప్పి చూసుకో."

"అవసరం వచ్చినప్పుడు చూద్దాం" అని ఇనప్పెట్టెలో పడేశాడు.

2009లో నేను ఇంజనీరింగు హాస్టలుకి బయల్దేరుతుంటే ఆ కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంటించింది అంటించినట్టే ఉంది. వంగి కాళ్లకి దండం పెట్టబోయాను.

"ముందు అది సరిగ్గా చూడు" అన్నాడు కోపంగా.

"ఏం చూడాలి?"

"నేను విప్పి మళ్లీ అంటించానేమో! ఇచ్చిందెవరైతేనేం, చూడకుండా తీసుకోవటమేనా? నీకు ఇన్నేళ్లు నేర్పిందేంటి?"

నేను కవరు తిరగేసి, నాలుగు మూలలూ తడిమి, జిగురు వాసన చూసి, వెలుతురుకి పెట్టి కన్ను చికిలించి చూశాను. పెదనాన్న ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"సరుకు మంచిదే" అన్నాను.

అప్పుడు నవ్వాడు. తువ్వాలు నా చేతి మీద వేసి, కింద ఐదు వేళ్లూ పట్టుకున్నాడు.