పొగ చూశారా, చప్పుడు విన్నారా?

డెల్రోజ్ వైలీ ప్రశ్న అడిగితే ఎదుటివాళ్ళకి మొదటిసారి వినబడదు. "ఏంటమ్మా?" అని వాళ్ళే ముందుకి వంగాలి. రెండోసారీ అంతే మెల్లగా అడుగుతుంది. అడిగాక ఇక పెదవి విప్పదు. పెన్సిలు కాగితం మీద ఆనించి, తల వంచుకుని నిలబడుతుంది. క్రిస్టియానా కొండల్లో ఏ కోచ్ అయినా, ఏ ఆటల మాస్టారైనా ఆ మౌనాన్ని అర నిమిషం మించి తట్టుకున్న దాఖలా లేదు.

"నోరు విప్పకుండానే అందరి నోళ్ళూ విప్పిస్తుంది ఈ పిల్ల" అని సంతలో ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

తొమ్మిదో తరగతి మధ్యలో ఆమె చదువు ఆగిపోయింది. తల్లి కాళ్ళు వాచి మంచాన పడితే, పెండలం దుంపలు కడిగి పెట్టెలకెత్తే షెడ్డులో పనికి కుదిరింది. శనివారాలు బడి మైదానంలో పరుగుపందేలు జరిగితే కంచె పట్టుకుని చూసేది. ఎవరెంతలో పరుగెత్తారో మిగిలిపోయిన లెక్కల నోటుపుస్తకంలో రాసుకునేది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. రాయకపోతే తోచేది కాదు, అంతే.

ఆ నోటుపుస్తకం చూసినవాడు డీకన్ స్వాబీ. పోస్టాఫీసులో గుమస్తా, చర్చిలో పెద్ద, ముప్పై ఏళ్ళుగా పందేల్లో గడియారం పట్టే మనిషి. "ఆ కంచె తుప్పంతా గౌనుకి పూసుకుంటావెందుకు, లోపలికి రా" అని పిలిచి ఆమె చేతిలో ఒక గడియారం పెట్టాడు.

"పందెం మొదలెట్టే తుపాకీ దగ్గర తెల్లగా పొగ లేస్తుంది. అది కనబడగానే నొక్కెయ్. చప్పుడు కోసం ఆగావో, చెడ్డావు. అది ఒట్టి సోమరిది. నూరు మీటర్లూ నడుచుకుంటూ వస్తుంది."

తరవాత ఆయనే ఆమెను హార్డ్‌వేర్ కొట్టు మేడ మీద వారపత్రిక నడిపే లిన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. లిన్ గారు నోటుపుస్తకం తిరగేసి, "అక్షరాల తప్పులు నేను దిద్దుకుంటా. అంకెలు మాత్రం ఈ అమ్మాయే చూసుకోవాలి" అన్నాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఎవరి గురించి రాస్తే వాళ్ళ గుమ్మానికి వెళ్ళి, రాసింది చదివి వినిపించాకే అచ్చుకివ్వాలి. ఒక పక్షాన్ని ఎంత గట్టిగా అడిగితే రెండో పక్షాన్నీ అంతే గట్టిగా అడగాలి. ఆ షరతు వల్ల డెల్రోజ్ ఎక్కని కొండ లేదు, ఆమెని చూసి మొరగని కుక్క లేదు.

ఆమెకి ఇరవై మూడో ఏడు నడుస్తుండగా, ఫిబ్రవరిలో ఒక శనివారం కొండ మీదికి మంచు దిగింది. మధ్యాహ్నమైనా విడవలేదు. మైదానం ఈ చివర నిలబడితే ఆ చివర పిల్లలు నీడల్లా ఉన్నారు. ఆ మంచులోంచి కెరీషా టల్లక్ అనే పదిహేనేళ్ళ పిల్ల నూరు మీటర్లు పరుగెత్తి వచ్చింది. గడియారాలు పట్టిన ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. పదకొండు సెకన్ల మూడు పదో వంతులు. మూడింటిలోనూ అదే అంకె. డెల్రోజ్ సొంత గడియారంలోనూ అదే.

ఆ ఊళ్ళో అంతకు ముందు ఏ ఆడపిల్లా దాని దరిదాపులకి రాలేదు. జనం గిన్నెలు వాయించారు. కెరీషా తల్లి పెర్లీన్, సంతలో ఉల్లికాడలు అమ్మే మనిషి, గంప నేల మీద పడేసి గంతులేసింది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఆ అంకె రాసింది డెల్రోజే.

నాలుగు రోజులు తిరక్కముందే రాజధాని కింగ్‌స్టన్ రేడియోలో, శ్రోతలు ఫోన్లు చేసే కార్యక్రమంలో, కింది పట్నపు పెద్ద బడి కోచ్ వాసెల్ మాట్లాడాడు. "కొండ మీది పిల్లకి గంజిలో ఏం కలిపి పోస్తున్నారో ఎవరైనా అడిగితే బావుణ్ణు" అన్నాడు. అంతే, నిప్పు అంటుకుంది. బస్సుల్లో అదే మాట, బడి వరండాలో అదే మాట. హెడ్‌మిస్ట్రెస్ భయపడిపోయింది. ఐదు వారాల్లో కింగ్‌స్టన్‌లో చాంప్స్ ఉన్నాయి. దేశంలోని బడులన్నీ పోటీపడే పందేలు. ఈ గొడవ సద్దుమణిగేదాకా కెరీషా పేరు పంపనని ఆవిడ చెప్పేసింది.

డెల్రోజ్ పెర్లీన్ ఇంటికి వెళ్ళింది. కెరీషా మెట్ల మీద మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది.

"రా అమ్మా డెల్రోజ్" అంది పెర్లీన్. "ఆ వాసెల్‌ని బాగా కడిగెయ్ నీ పేపర్లో."

డెల్రోజ్ కెరీషా ముందు గొంతుక్కూర్చుంది. "కెరీషా, నువ్వేమైనా పరుగు పెంచే మందు తీసుకున్నావా? ఎవరైనా ఇచ్చారా?"

పెర్లీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏంటీ? నా గుమ్మంలో కూర్చుని నా పిల్లని ఆ మాట అడుగుతావా? వాడు రేడియోలో అన్నాడు, నువ్వు ఇంటికొచ్చి అంటున్నావు. అంతేగా తేడా? లే! లే ఇక్కణ్ణుంచి!"

డెల్రోజ్ లేచింది కానీ కదల్లేదు. కెరీషా తలెత్తింది.

"ఏమీ తీసుకోలేదు" అంది. "పొద్దున మొక్కజొన్న గంజి, రాత్రి ఉడకబెట్టిన పెండలం. దగ్గొస్తే అమ్మ పుదీనా టీ. అంతే. రాస్కో మిస్ డెల్. ఇప్పటిదాకా నన్నెవరూ అడగనే లేదు. నా గురించి అందరూ ఎవరెవర్నో అడుగుతున్నారు."

డెల్రోజ్ అక్కణ్ణుంచి తిన్నగా పోస్టాఫీసుకెళ్ళి కోచ్ వాసెల్‌కి ఫోన్ చేసింది. "మందు సంగతి మీకెవరు చెప్పారు సార్? మీరు కళ్ళారా చూశారా?"

"నేనలా అన్లేదే! ఊరికే అడిగాను. అడగటం కూడా తప్పేనా?"

డెల్రోజ్ మాట్లాడలేదు.

"హలో? లైన్లో ఉన్నావా?"

"ఉన్నా సార్."

"చూడమ్మాయ్... నాకెవరూ చెప్పలేదు. నేను చూడనూ లేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని పరుగెత్తిస్తున్నాను. పదిహేనేళ్ళ పిల్ల, ఆ గడ్డి మీద, ఆ టైము! నమ్మేలా లేదు. నిజం చెప్పు, నువ్వు నమ్మావా?"

ఆయన మీద కోపంతోనే ఫోన్ పెట్టేసింది. అయినా ఆ ఆఖరి మాట కాలికి ముల్లులా దిగింది. ఇంటికెళ్ళి నోటుపుస్తకం తీసింది. ఆ పందెంలో ఆరుగురు పిల్లలు. ఒక్కొక్కరి పాత అంకెలు పక్కన పెట్టి చూసింది. ఆరుగురూ ఆ రోజు తమ జన్మలో పరుగెత్తనంత వేగంగా పరుగెత్తారు. జలుబుతో ముక్కు చీదుకుంటూ ఆఖరున వచ్చిన పిల్ల కూడా. అందరికీ సెకనులో రెండు మూడు పదో వంతులు కలిసొచ్చాయి. ఆరుగురికీ ఎవరు మందు పోస్తారు?

తప్పు పిల్లల్లో లేదు, గడియారాల్లో ఉంది. వెళ్ళాల్సింది ఎవరి గుమ్మానికో ఆమెకి అర్థమైపోయింది.

డీకన్ స్వాబీ వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. "రా తల్లీ, సమయానికి వచ్చావు. నాలుగు కాయలు ఒలిచిపెట్టు" అన్నాడు. ఆమె ఒక దోసెడు ఒలిచింది. ఒలుస్తూనే అడిగింది.

"డీకన్ గారూ, శనివారం నాడు మీరు పొగ చూశారా, చప్పుడు విన్నారా?"

ఆయన వేళ్ళు ఆగాయి. ముప్పై ఏళ్ళలో ఆయన్నెవరూ ఆ మాట అడిగి ఉండరు. ఈసారి మౌనం భరించలేకపోయింది డెల్రోజే. 'పోన్లెండి' అనబోయింది కూడా.

"విన్నాను" అన్నాడాయన. "తెల్లటి మంచులో తెల్లటి పొగ. ఏమీ కనబళ్ళేదు. చప్పుడు వినే నొక్కాను. తతిమ్మా ఇద్దరూ అంతే అయ్యుంటారు, అందుకే అందరిదీ ఒకే అంకె. నొక్కిన క్షణానే తెలుసు నాకు. పందెం మళ్ళీ పెట్టించాల్సింది. పిల్లలేమో చలికి వణుకుతున్నారు, జనమేమో గిన్నెలు వాయిస్తున్నారు. నోరు రాలేదు." చేతిలో కాయ పక్కన పెట్టి ఆమె కళ్ళలోకి చూశాడు. "మరి నువ్వో? నీ చేతిలోనూ గడియారం ఉందిగా?"

డెల్రోజ్‌కి మొహం చెల్లలేదు. "నేనూ విన్నాను, డీకన్ గారూ."

"నేర్పింది నేనే. తప్పు మాత్రం ఇద్దరం చేశాం. అయితే ముందు నీ పేరు రాయి. తరవాత నాది."

అలాగే రాసింది. ఆ రోజు ఈ విలేఖరి, గడియారం పట్టిన పెద్దలు చప్పుడు విని నొక్కారని, నూరు మీటర్లు దాటి రావడానికి చప్పుడుకి సెకనులో దాదాపు మూడు పదో వంతులు పడుతుందని, కెరీషా అసలు టైము పదకొండు ఆరు ప్రాంతమని, చాంప్స్ అర్హతకి అది చాలునని. కెరీషాని అడిగిన ప్రశ్న, ఆమె జవాబు. వాసెల్‌ని అడిగిన ప్రశ్న, ఆయన జవాబు. అందరికీ చదివి వినిపించింది. వాసెల్ ఫోన్‌లో విని, "నా మాట నేనన్నట్టే ఉంది. వేసుకో" అని గొణిగాడు. కెరీషా మాత్రం ఏడ్చేసింది.

"నా పదకొండు మూడు లాగేసుకుంటున్నావా మిస్ డెల్?"

"అది నీది కాదు కెరీషా, మంచుది. పదకొండు ఆరు నీది."

పత్రిక వచ్చిన రోజు బస్టాండులో ఆడవాళ్ళు ఆమెను దుమ్మెత్తిపోశారు. "ఊరికి ఒక్క పేరొస్తే చూడలేకపోయావు కదే!" "కింగ్‌స్టన్ వాళ్ళు నీకేం పెట్టారేంటి?" అంతలో పోస్టాఫీసు అరుగు మీద నుంచి డీకన్ స్వాబీ కేకేశాడు. "తప్పు నాదమ్మా! తిట్టేదేదో ఇటొచ్చి తిట్టండి. స్టాంపులు కూడా కొనుక్కెళ్ళొచ్చు." అంత వయసు మనిషి నడిబజారులో ఆ మాట అనేసరికి ఆడవాళ్ళు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశారు. డెల్రోజ్ మాత్రం గౌను అంచుతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అబద్ధం చెప్పడానికి ఆయనకి దారి ఉంది. చెప్పి ఉంటే ఆమె దగ్గర రుజువేదీ లేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి ఎలా దణ్ణం పెట్టాలో ఆమెకి తోచదు.

ఆ వ్యాసాన్ని రేడియోలో మొత్తం చదివారు. మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ కెరీషా పేరు పంపింది.

చాంప్స్‌లో చేతి గడియారాలు లేవు, యంత్రం ఉంది. అది చేతి లెక్క కంటే ఎప్పుడూ రెండు పదో వంతులు ఎక్కువే చూపిస్తుంది. ఫైనల్లో కెరీషా నాలుగోది. పదకొండు సెకన్ల ఎనభై ఒక నూరో వంతులు, అంటే చేతి లెక్కలో పదకొండు ఆరే. కంచె దగ్గర పట్నం విలేఖరులు మూగారు. డెల్రోజ్ వెనకే ఉండిపోయింది. ఆమె పక్కన పెర్లీన్, ఆ గరిటె రోజు తరవాత ఆమెతో సరిగ్గా మాట్లాడని పెర్లీన్, కంచె పట్టుకుని నిలబడింది.

"కెరీషా, ఆ పదకొండు మూడు సంగతేంటి?" అన్నాడొకడు.

"అది మంచు పడ్డ రోజు. మా పేపర్లో రాశారుగా" అంది కెరీషా రొప్పుతూ.

"ఆఁ, చదివాం చదివాం. సరే, అరవై మీటర్ల దాకా రెండోదానివి. ఆఖర్న నీరసపడ్డావేం? సాధన చాల్లేదా?"

కెరీషా మొహం చేతుల్లో దాచుకుని నవ్వేసింది. "పక్క పిల్ల ఊపిరి వినబడితే భయమేసింది సార్. భుజాలు బిగుసుకుపోయాయి. వచ్చే ఏడు బిగించను."

గంజి గురించి ఎవరూ అడగలేదు.

"అలా అడగండయ్యా!" అని అరిచింది పెర్లీన్, అందరూ తిరిగి చూసేంత గట్టిగా. "పరుగు గురించి అడగండి! ఎంత గట్టిగానైనా అడగండి, నా పిల్ల చెబుతుంది!"

అని డెల్రోజ్ కుడి మోచెయ్యి పట్టుకుంది. థాంక్స్ అనలేదు. ఆ తరవాత రెండు పందేలు జరిగినా ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. డెల్రోజ్ ఎడంచేత్తో, వంకరటింకరగా, టైములు రాసుకుంది.