తాగని మరిది

ఆసుపత్రి అత్యవసర విభాగంలో గాయాలకు కట్లు కట్టే గది ఆమెది. నర్సే అయినా అందరికీ కుట్లక్క. ఆమె చేతికి సూది అందితే చర్మం అతుక్కోక ఏం చేస్తుందని డాక్టర్లే మెచ్చుకుంటారు. నోరు మాత్రం సూది కంటే పదును. తాగి తల పగలగొట్టుకొని వచ్చినవాడికి తిట్లు ముందు, మత్తుమందు తర్వాత.

ఆడవాళ్ళు వస్తే ఆ నోరు మెత్తబడేది. పెదవి చిట్లి వచ్చిన మనిషిని గుచ్చి గుచ్చి అడిగి ఏడిపించడం ఆమెకు ఇష్టం లేదు. "తలుపా, మెట్లా?" అని మాత్రం అడిగేది. వాళ్ళు చెప్పబోయే అబద్ధాన్ని తనే అందిస్తే పాపం కాస్త శ్రమ తగ్గుతుందని ఆమె ఉద్దేశం. ఎవరి మొగుడు కొట్టినా అది తాగుడు చేసే పనే తప్ప మనిషి చేసేది కాదని ఆమె నమ్మకం. వాళ్ళ నాన్నా అంతే, తాగితే పులి, తాగనప్పుడు వెన్నపూస. అందుకే చెల్లెలికి సంబంధం చూసినప్పుడు అబ్బాయి చుక్క ముట్టడని తెలియగానే ఇంకేమీ అడగకుండా సరే అనేసింది.

అలా ఉండగా ప్రభుత్వం మద్యానికి కనీస ధర పెట్టింది. అంతకు తక్కువకు సీసా అమ్మితే దుకాణానికి తాళమే. కారుచౌక సరుకంతా మాయమైంది. "తాగేవాడు ఇల్లమ్మైనా తాగుతాడు" అని పెదవి విరిచిన కుట్లక్కే కొన్ని నెలలకు ముక్కున వేలేసుకుంది. సాయంత్రాలు సీసాలతో పొడుచుకొని వచ్చే గుంపులు పలచబడ్డాయి. తలుపులూ మెట్లూ కూడా బుద్ధి తెచ్చుకున్నాయి. గేటు దగ్గర పోలీసు ఔట్‌పోస్టులో కానిస్టేబుల్ ఈగలు తోలుకుంటున్నాడు.

"ఇలాగైతే మా ఉద్యోగాలు ఊడతాయి సిస్టర్."

"ఊడనీ. పీడ విరగడైపోతుంది."

రద్దీ లేదని, ఆమెతో వంతులవారీగా పనిచేసే రెండో నర్సును పై అంతస్తు వార్డుకు మార్చారు.

ఒక మధ్యాహ్నం తలకు తువ్వాలు అదిమి పట్టుకొని ఎవరో ఆడమనిషి వచ్చి బల్ల మీద కూర్చుంది. కుట్లక్క అటు తిరిగి చేతి తొడుగులు వేసుకుంటూ, అలవాటుగా "తలుపా, మెట్లా?" అంది.

"మెట్లు."

ఆ గొంతు విని ఆమె గిరుక్కున తిరిగింది. చెల్లెలు. చెల్లెలి ఇంట్లో మెట్లే లేవు.

తువ్వాలు తీసి, గాయం కడగడానికి జుట్టు పాయలు విడదీసింది. కొత్త గాయం పక్కనే మానిపోయిన మచ్చ కనబడింది. దగ్గర దగ్గరగా, బిగించి వేసిన కుట్లు. అది రెండో నర్సు చేతి పని. ఇన్నేళ్ళు ఒకే గదిలో పనిచేశాక పోల్చుకోలేకపోవడానికేముంది.

"ఎప్పుడే ఇది?"

"మరీ పాతది కాదక్కా. నీకు సెలవున్న రోజు చూసుకొని వచ్చేదాన్ని. ఆ సిస్టర్ ఇప్పుడు లేదటగా."

కుట్లక్క కుట్లు పూర్తిచేసి బయటికి వచ్చింది.

బయట మరిది నీళ్ళ సీసా పట్టుకొని మర్యాదగా లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు.

"అయిపోయిందా వదినా? ఇంటికి తీసుకెళ్తాను."

"నువ్వే కొట్టావా?"

అతను తడబడలేదు. "కోపం వచ్చింది వదినా. అయినా నేనేమన్నా తాగొచ్చి కొట్టానా?"

దబాయింపు కాదు. నిజంగానే అది తన మంచితనమని అనుకుంటున్నాడు. ఇలాంటివాడికా కుట్లక్క ఇంకేమీ అడగకుండా చెల్లెల్ని కట్టబెట్టింది? తిట్లు తన్నుకొస్తాయనుకుంటే ఒక్కటీ రాలేదు. గేటు వైపు తిరిగి కానిస్టేబుల్‌ను పిలిచింది. అతను వచ్చి విషయం విని, మరిది జబ్బ పట్టుకొని ఔట్‌పోస్టుకు నడిపించాడు.

గదిలోకి వచ్చి చెల్లెలి పక్కన కూలబడింది. "ఇక ఆ ఇంటికి వెళ్ళొద్దు. మా ఇంటికి పద. నాకెందుకు చెప్పలేదే?"

చెల్లెలు ఏడవలేదు. "వీడు కూడా తాగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో అక్కా. మత్తు దిగాకైనా కాసేపు మనిషిలా ఉండేవాడు."