కల్వర్టు గోడ మీద తెగిన నీళ్ల తగువు

మా కాలువ రైతులకు సంఘం భవనం కట్టాక నీటి వంతుల తగువు ఒక్కనాడూ తెగలేదు. ఎగువ వాళ్లకు ఈ గోడ వారన, దిగువ వాళ్లకు ఆ గోడ వారన కుర్చీలేస్తారు. పెళ్లిచూపుల్లో కూడా అంత ఎదురెదురుగా కూర్చోబెట్టరు.

ఇవాళ మీటింగులో కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక అందరం బయటికొచ్చి కల్వర్టు గోడెక్కాం. ఎగువ కోటయ్య పక్కనే దిగువ సుబ్బయ్య ఇరుక్కున్నాడు. ఇద్దరి చూపూ కాలువ మీదే.

"ఏరా కోటయ్యా, ఇంకో రెండు రోజులైతే నా మిరప చేను పొయ్యిలోకే."

"నా పత్తి తడిసిందిలే. రేపు పొద్దున్నే నీళ్లు నువ్వు తిప్పుకో. ముందు కాస్త అటు జరుగు, కాలవలో పడేట్టున్నా."

అధ్యక్షుడు పొంగిపోయి, ఇకమీదట ఎవరూ బయట కూర్చునే అవస్థ లేకుండా భవనానికి జనరేటరు పెట్టిద్దామన్నాడు. వద్దన్నది నేనొక్కణ్ణే. మీ ఊళ్లో తగువులు ఎక్కడ కూర్చుంటే తెగుతున్నాయండీ?