గార్డు పెట్టెలో కాసెట్లు

మా ఇంట్లో వీసీఆర్ ఉండటమే పాపమైంది. ఖరగ్‌పూర్‌లో మా నిమ్‌పురా రైల్వే కాలనీ తెలుగువాళ్లంతా పెళ్లి కాసెట్లూ, చర్చిలో వేసిన నాటకాల కాసెట్లూ తెచ్చి మా దగ్గరే పడేసేవారు. చెక్క అలమరాలో పెడితే వానాకాలంలో టేపుకు బూజు పట్టింది. రేకు ట్రంకు కొందామని అమ్మ, ఇనప బీరువా అని నేను. గూడ్సు గార్డు అయిన నాన్న మా మాట ఎక్కడ వింటాడు? తన పాత డ్యూటీ పెట్టెలోనే కలరా ఉండలు వేసి అన్నీ సర్దేశాడు. నల్లటి ఇనప పెట్టె, మూత బిగిస్తే చుక్క నీరు దిగదు.

అన్నిటికీ పైన అక్క కాసెట్. జ్వరంతో పోవడానికి ముందు క్రిస్మస్‌కి చర్చిలో పాడింది. అక్క కదిలేదీ, గొంతు వినపడేదీ అందులోనే. ఆదివారం అది చూడనిదే అమ్మకు అన్నం దిగేది కాదు.

డ్యూటీ వేళకు గార్డు పెట్టె వరండాలో ఉంటుంది, పోర్టరు వచ్చి అడక్కుండానే తీసుకెళ్లి బండికెక్కిస్తాడు. మా దగ్గర అది మామూలే. ఆ జూలైలో ఒకరోజు అమ్మ ఇల్లు కడుగుతూ కాసెట్లున్న పాతదీ, డ్యూటీకి వాడే కొత్తదీ రెండు పెట్టెలూ వరండాలో పెట్టింది. రెంటి మీదా నాన్న పేరే.

నాన్న వెళ్లాక మిగిలిన పెట్టె తెరిస్తే డ్యూటీ జెండాలు, లాంతరు. పోర్టరు ఎత్తుకెళ్లింది కాసెట్ల పెట్టె. అమ్మ తడి గచ్చు మీదే కూలబడింది.

"పిల్ల ఎలిపోనాదిరా," అంది.

మూడోనాడు నాన్న పెట్టెను పోర్టరుకు ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. తోటి గార్డు ఎవరో తన జెండాలిచ్చి గట్టెక్కించాడట. కాసెట్లన్నీ పొడిగా ఉన్నాయి. అక్కది మాత్రం లేదు. నాన్న చొక్కా గుండీ విప్పి దాన్ని బయటికి తీశాడు.

"బండి సివరి బ్రేక్‌వ్యాన్లో పెట్టె ఒకటే ఎగిరెగిరి పడతన్నాది. దీన్నొక్కదాన్నీ నా కాడే ఉంచినాను," అన్నాడు.

దారిలో బండి ఆగిపోతే జోరువానలో ఇంజను దాకా నడిచి వెళ్లొచ్చాడట, అది చొక్కాలో ఉండగానే.

వంచితే కాసెట్లోంచి నీళ్లు కారాయి. బాగా ఆరనిచ్చి వేశాం. తెర నిండా గీతలు, గుర్రుమని చప్పుడు, ఆపైన టేపు మడతపడి తెగిపోయింది. ఊరందరి పెళ్లిళ్లూ భద్రంగా ఉన్నాయి, మా పిల్లే పోయింది.

అమ్మ తిట్టలేదు. "పాట సివర్న ఎటో సూసి నవ్వింది గదండీ. ఆ నవ్వు మీకు గురుతున్నాదా?" అని అడిగింది.

ఆదివారాలు పాట మొదలవగానే లేచి బయటికి వెళ్లిపోయేవాడు నాన్న. చివరిదాకా ఒక్కసారీ చూడలేదు.