ఖాళీగా వదిలిన గుహ

మా అమ్మాయి కంప్యూటర్‌లో ఆట ఆడుతూ ఒక్కో అంకం దాటగానే స్పేస్ బార్ మీద టప్పుమని కొడుతుంది. వంటింట్లో ఉన్నా సరే, ఆ చప్పుడు వింటే నాకు శైలజక్క గుర్తొస్తుంది. ఆట పక్కన పరిగెత్తుతూ, అలా కొట్టినప్పుడల్లా సమయం నమోదు చేసే గడియారాన్ని ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్ నుంచి దించుకోవచ్చు. శైలజక్క మాత్రం దాని ప్రోగ్రాం తనే రాసుకుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కదిరిలో వాళ్ళ నాయన నూనె అంగడి మీది గదిలో.

ఆ గదిలో ఆమె కంప్యూటర్ క్లాసులు నడిపేది. నేను డిగ్రీ చదువుతూ అక్కడ చేరాను. క్లాసు లేని వేళ ఆమె ఒక ఆట ఆడేది. కోట, అడవి, గుహ, వంతెన, చివర రాజభవనం. అందరూ గెలవడానికి ఆడే ఆటను ఆమె వేగంగా ముగించడానికి ఆడేది. ఆ ఆటను ప్రపంచంలో అందరికంటే త్వరగా ముగించినవాళ్ళ పేర్లు పెట్టే వెబ్‌సైటు ఒకటి ఉండేది. అందులో తన పేరు చూసుకోవాలని అక్కకు ఒకటే పట్టుదల.

"ఒట్టి మొత్తం టైము చూస్తే ఏం తెలుస్తాదే? యాడ పోగొట్టుకుంటాండామో తెలియాల," అంటూ నాకు తను రాసిన టైమరు చూపించింది. ఒక్కో అంకం చివర మీట నొక్కితే, ఆట మొదలైనప్పటి నుంచి పట్టిన సమయం నమోదవుతుంది. దానిలోంచి ముందు నమోదైనది తీసేస్తే ఆ ఒక్క అంకానికి పట్టిన సమయం వస్తుంది. ఇన్నాళ్ళ ఆటల్లో ఒక్కో అంకానికి వచ్చిన అన్నిటికన్నా మంచి సమయం, అంటే అతి తక్కువది, ఏరి అన్నీ కూడితే, అదే తను చేరగల హద్దు.

ఆ హద్దు వెంట నెలంతా పడింది. దాని దరిదాపులకు కూడా పోలేకపోయింది. ఒకరోజు అంకెలు చూస్తూ నేనన్నాను, "అక్కా, గుహను రెప్పపాటులో దాటినట్టు ఉండాది."

ఆమె తల పట్టుకుంది. ఎప్పుడో అడవి చివర నొక్కడం మరిచి, గుహ చివర గబగబా రెండుసార్లు నొక్కింది. రెండింటి సమయమూ అడవి గడిలో పడింది, గుహకు ఏమీ మిగల్లేదు. "నేను పరిగెత్తని గుహతో పోటీ పడినానే పిచ్చిదాని మాదిరి!" అని పగలబడి నవ్వింది. ఆ సాయంత్రమే ప్రోగ్రాం మార్చింది. ఇక నుంచి గబగబా రెండుసార్లు నొక్కితే, నొక్కడం మరిచిన గడి ఖాళీగా ఉంటుంది. దాని తర్వాతి గడిలో రెండింటి సమయమూ కలిసి ఉంటుంది కనుక, దాన్ని మంచి సమయాల్లో లెక్కపెట్టదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఆడిన ఆట నా జన్మలో మరిచిపోలేను. వేళ్ళు కదులుతున్నట్టే లేవు. సరిగ్గా గుహ చివర కరెంటు పోయి బ్యాటరీ పెట్టె కీచుమంది. కరెంటు పోతే ముందు సేవ్ కొట్టమని మాకు రోజూ చెప్పే మనిషి కదా, ఆ అలవాటుకొద్దీ ఆమె చెయ్యి సేవ్ మీద పడింది. టైమరు మీట నొక్కలేదు. అయినా ఆట ఆపలేదు. బ్యాటరీ అయిపోకముందే ముగించింది. వెబ్‌సైటులో మొదటి పేరున్న మనిషి కన్నా తక్కువ సమయంలో! మేమంతా కేకలు పెట్టాం.

కానీ ఆ వెబ్‌సైటువాళ్ళు ప్రతి అంకం సమయమూ అడుగుతారు. మా గుహ ఖాళీ.

"మామూలుగా పట్టేదే ఏసెయ్ అక్కా. ఎవురు చూస్తారు?" అన్నాడు మా క్లాసు ఖాజా.

"గుహ, వంతెన కలిపి ఎంతో తెలుసు. గుహ ఒక్కదానికి ఎంతో నాకే తెలీదప్పా. తెలీదనే పంపిస్తా."

అసంపూర్తి లెక్కలు తాము తీసుకోలేమని కొన్నాళ్ళకు వెబ్‌సైటువాళ్ళ జవాబొచ్చింది. అక్క రెండుసార్లు చదివింది. కళ్ళు నిండాయి. చున్నీతో తుడుచుకుని, "మళ్ళా మొదలుపెడదాం పా," అంది. అంత మంచి ఆట మళ్ళీ పడలేదు. ఆమె పేరు ఆ జాబితాలోకి ఎన్నడూ ఎక్కలేదు. అంత పెద్ద మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నేను మండలాల వానలెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగం చేస్తున్నాను. గుమ్మఘట్ట వైపు నుంచి ఒక్కోసారి కబురే రాదు. "ఆడ యాడ కురిసింటాది మేడమ్, సున్నా ఏసెయ్," అంటాడు పక్కసీటాయన. వాన కురవలేదో, కురిసినా ఎవరూ చూడలేదో నాకు తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలేసి, గుమ్మఘట్టకు చెయ్యడానికి ఫోను అందుకుంటాను.

"అన్నా, ఆడ వానేమన్నా పడినాదా?"